తువ్వాలు కింద తొమ్మిది కోట్లు

2025 డిసెంబరు 16 మధ్యాహ్నం. నా కొట్టుకి బేరం ఒక్కటీ రాలేదు, జనం మాత్రం నిండిపోయారు. రాజాంలో పాలకొండ రోడ్డు పక్కన గోనెసంచుల కొట్టు నాది. గోడ నుంచి గుమ్మం దాకా పేర్చిన కట్టల మీద పదకొండు మంది కుర్రాళ్లు కూర్చున్నారు, పన్నెండోవాడు టీలు మోస్తున్నాడు. అబూదాబీలో ఐపీఎల్ వేలం. మధ్యలో, అన్నిటికంటే ఎత్తు కట్ట మీద, ఒళ్లో లాంగ్‌బుక్కు పెట్టుకుని మా మేనల్లుడు. అట్ట మీద ‘మ్యాథ్స్-3’ అని ఉంది. ఆ సబ్జెక్టు వాడికి ఇప్పటికి రెండుసార్లు తన్నేసింది. లోపల మాత్రం లెక్కలే.

కామెరూన్ గ్రీన్ పేరు పిలిచారు. 2 కోట్ల దగ్గర మొదలైన పాట 25.20 కోట్ల దగ్గర ఆగింది. కోల్‌కతావాళ్లు పట్టుకుపోయారు.

“చేతికొచ్చేది 18 కోట్లే మావయ్యా. మినీ వేలంలో విదేశీయుడికి అదే హద్దు. మిగతాది బోర్డుకి పోద్ది” అన్నాడు మేనల్లుడు, ఆ 7.20 కోట్లు తన జేబులోంచి పోయినంత బాధగా. వాళ్లమ్మ, అంటే మా అప్ప, డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పు ఎంతో వాడికి తెలీదు. గ్రీన్‌కి పన్ను పోగా ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూపిస్తాడు.

అప్పుడే గుమ్మంలోకి ఒక ముసలాయన వచ్చాడు. ఊకకి రెండు పాత సంచులు కావాలిట. ఎన్నో ఏళ్లు సంతల్లో పశువుల బేరాలు కుదిర్చిన మనిషి. అంతమంది ఒక్క ఫోనులోకి మెడలు చాపి ఉండటం చూసి, “ఏటి బావూ, ఏటమ్ముతున్నారు?” అని అడిగాడు.

“బ్యాట్స్‌మన్ని తాతా. సిక్సులు కొట్టేవోడిని.”

“అలగా. పళ్లు సూశారేటి?”

కుర్రాళ్లంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. కాసేపయ్యాక నా నవ్వు ఆగింది గానీ ఆ ప్రశ్న ఆగలేదు.

సంతలో ఎద్దుని కొనేవాడు ఏం చేస్తాడో చూసినవాళ్లకి తెలుసు. నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాడు, రెండు పళ్లా, నాలుగా, నోరు కలిసిందా అని. సుడులు చూస్తాడు. తోక మెలేస్తాడు. ముందుకి నడిపిస్తాడు, వెనక్కి నెట్టిస్తాడు, అప్పటికీ నమ్మకం కుదరకపోతే కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించమంటాడు. ఆ తర్వాతే బేరం. అదీ నోటితో కాదు. దళారి భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతాడు. లోపల వేళ్లు మాట్లాడుకుంటాయి. ఎవడెంతకి కొన్నాడో పక్కవాడికి తెలియదు. కొన్నవాడు మోసపోతే ఆ సంగతి తువ్వాలు కిందే ఉండిపోతుంది. ఐపీఎల్ వాళ్లు ఆ తువ్వాలు ఒక్కటీ తీసిపారేశారు. అందుకే లోకం మొత్తానికీ తెలిసిపోతోంది.

మా ఊరికి ఈ వేలంతో ఉన్నది మామూలు చుట్టరికం కాదు. ఢిల్లీ క్యాపిటల్స్‌లో సగం వాటా జీఎంఆర్ గ్రూపుది. ఆ గ్రూపు పెట్టిన గ్రంధి మల్లికార్జునరావు పుట్టింది రాజాంలో. ఆ గ్రూపు తొలి వ్యాపారాల్లో జనపనార ఒకటి. నా కొట్టులో సంచులూ, ఢిల్లీవాళ్ల జెండా గుడ్డా ఒకే మడిలో మొలిచాయన్నమాట. కాబట్టి హైదరాబాదు జట్టుకి ఈలలు వేసే ఇళ్లలో కూడా ఢిల్లీ ఓడితే మాకు కాస్త చిన్నతనంగానే ఉంటుంది, పెద్దింటి వియ్యంకుడు బజార్లో జారిపడ్డట్టు.

అలా జారిపడ్డ కథే జేక్ ఫ్రేజర్ మెక్‌గర్క్‌ది. 2024 సీజను మధ్యలో లుంగి ఎంగిడి గాయంతో తప్పుకుంటే ఆ చోట్లో 50 లక్షలకి వచ్చాడు ఈ ఆస్ట్రేలియా కుర్రాడు. వచ్చీ రాగానే కొట్టాడు. 15 బంతుల్లో అర్ధ సెంచరీ, ఒకసారి కాదు, రెండుసార్లు. 9 ఇన్నింగ్స్‌లో 330 పరుగులు, స్ట్రైక్ రేటు 234. మా మేనల్లుడు లాంగ్‌బుక్కులో ఒక పేజీ మొత్తం అతనికి రాసిచ్చాడు. పైన ఎర్ర పెన్నుతో నక్షత్రం. అదే ఏడాది నవంబరులో జెడ్డాలో పెద్ద వేలం జరిగింది. పంజాబు రేటు పెంచింది, ఢిల్లీవాళ్లు పాత హక్కు చూపించి 9 కోట్లకి మళ్లీ ఇంటికి తెచ్చుకున్నారు. నా కొట్టులో ఆ రోజు సంక్రాంతి.

తర్వాతి ఏడు, అంటే 2025లో, ఆరు మ్యాచుల్లో అతని పరుగులు ఇవీ: 1, 38, 0, 7, 0, 9. మొత్తం 55. పరుగు ఒక్కటీ 16 లక్షల పైచిలుకు పడింది. ఒక్క పరుగు ఖరీదుతో మా వైపు ఒక ఆడపిల్ల పెళ్లి మేళతాళాలతో అయిపోతుంది.

ఆ మధ్య ఒకరాత్రి నేను వాడి లాంగ్‌బుక్కు తెరిచాను. 330ని 2.34తో భాగించాను. 141 వచ్చింది. అంటే ఆ నక్షత్రం, ఆ ఎర్ర పెన్ను, ఆ 9 కోట్లు, అన్నీ కలిపి 141 బంతుల మీద నిలబడ్డాయి. 23 ఓవర్ల మూడు బంతులు. సంతలో ఎద్దుని ఇంతకంటే ఎక్కువసేపు నడిపించి చూస్తారు.

సిక్సర్లవాడి సంగతే అంత. మొదటి ఏడు బౌలర్లకి అతను కొత్త. ఎక్కడ వేస్తే ఎక్కడికి లేపుతాడో తెలీదు. రెండో ఏడు వాళ్లు వీడియోలు చూసుకుని వస్తారు. అతను కొట్టేచోట బంతి వేయరు, అంతే. ఎత్తి కొట్టేవాడికీ క్యాచి ఇచ్చేవాడికీ మధ్య తేడా బ్యాటు మీద రెండు వేళ్ల వెడల్పు. ఆ రెండు వేళ్లు ఒక ఏడు ఇటూ, ఒక ఏడు అటూ జరుగుతుంటాయి. ఇది టీ కొట్టువాడికి కూడా తెలుసు. కానీ వేలం బల్ల దగ్గర ల్యాప్‌టాప్‌లు వరసగా పెట్టుకు కూర్చున్న మేధావులకి తెలిసినా లాభం లేదు. చెయ్యెత్తకపోతే పక్కవాడు ఎత్తుతాడని భయం. పోయినేటి సిక్సులకి ఈ ఏటి డబ్బు కట్టడమే వేలమంటే.

ఆ జెడ్డా వేలంలోనే లక్నోవాళ్లు రిషభ్ పంత్‌ని 27 కోట్లకి కొన్నారు. ఐపీఎల్ పుట్టాక అంత ధర ఎవరికీ పలకలేదు. ఆ సీజను మొత్తంలో అతను చేసింది 269. అందులో 118 ఆఖరి మ్యాచివి. దాని ముందు దాకా 151. వెంకటేశ్ అయ్యర్‌కి కోల్‌కతావాళ్లు 23.75 కోట్లు పోసి 142 పరుగులు ఇంటికి తీసుకెళ్లారు. మరుసటేడు బెంగళూరువాళ్లు అదే మనిషిని 7 కోట్లకి కొన్నారు. చింతపండు రేటు కూడా ఏడాదిలో అంత పడదు.

వాళ్లది వాళ్ల డబ్బు, పోతే పోయింది. మరి మా కుర్రాళ్ల సంగతి? వీళ్లదీ అదే పిచ్చి, పందెం మాత్రం చిన్నదిగా ఉండేది. ఫాంటసీ జట్టుకి 49 రూపాయలు.

ఫాంటసీ క్రికెట్ తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు, 2025 ఆగస్టులో కేంద్ర చట్టం రాక ముందు నాటివి. రెండు జట్లలోంచీ పదకొండు మందిని ఏరుకోవాలి. పరుగుకి ఒక పాయింటు, ఫోరుకీ సిక్సుకీ కొసరు, వికెట్టుకి పాతికకి తగ్గకుండా, క్యాచికి 8, స్టంపింగుకి 12, డకౌటైతే మైనస్ 2. కెప్టెన్ అని ఎవరి పేరు పక్కన గీస్తే వాడి పాయింట్లు రెట్టింపు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర రెట్లు. ఈ పట్టీని నిమిషం సేపు నిదానంగా చూసినవాడికి ఒకటి అర్థం కావాలి. ఆరో నంబర్లో దిగి ఎనిమిది బంతులు ఆడే సిక్సర్లవాడి కంటే, ఆఖరి ఓవర్లు వేసి రెండు వికెట్లు తీసే అనామకుడు ఎక్కువ పండుతాడు. అర్థమవుతుంది కూడా. అర్థమయ్యాక సిక్సర్లవాడినే కెప్టెన్ చేస్తారు. అనామకుడి పేరు పెట్టి గెలిస్తే ఆ గెలుపులో దర్జా ఏముంది?

టాసు 7 గంటలకి. మ్యాచి 7:30కి. ఆ అరగంట రాజాంలో ఏ పనీ జరగదని నేను పూచీ. మందుల కొట్టులో కుర్రాడు జ్వరం మాత్రకి బదులు గ్యాసు మాత్ర ఇస్తాడు. పకోడీ మాడుతుంది. మొలతాడు తెగినా ఎవరూ చూసుకోరు. టీమ్ మార్చి, మళ్లీ మార్చి, కెప్టెన్ని తిప్పి, 7:29కి దణ్ణం పెట్టి నొక్కుతారు.

2025 మార్చి 24న విశాఖలో ఢిల్లీకీ లక్నోకీ మ్యాచి. విశాఖ అంటే మాకు ఇంటి వాకిలి. మేనల్లుడు ఆ రోజు మెక్‌గర్క్‌ని కెప్టెన్, పంత్‌ని వైస్ కెప్టెన్ చేశాడు. 36 కోట్ల విలువైన జోడెద్దులు. పంత్ ఆరు బంతులాడి సున్నా చేశాడు. మెక్‌గర్క్ మొదటి ఓవర్లోనే ఒక్క పరుగుకి వెళ్లిపోయాడు. 210 కొట్టాల్సిన ఢిల్లీ 7 పరుగులకి 3 వికెట్లు, 65కి 5 వికెట్లు. మావాడు ఫోను బోర్లా పెట్టి అన్నం తినడానికి వెళ్లాడు. అప్పుడు ఇంపాక్ట్ ప్లేయరుగా, అంటే పదకొండులో లేకుండా ఆట మధ్యలో, దిగిన అశుతోష్ శర్మ అనే అతను 31 బంతుల్లో 66 కొట్టి, ఇంకో మూడు బంతులుండగా, ఒక్క వికెట్టు తేడాతో గెలిపించాడు. ఆఖరి ఓవర్లో పంత్ ఒక స్టంపింగు కూడా వదిలేశాడు. అశుతోష్ ధర 3.80 కోట్లు. మావాడి లాంగ్‌బుక్కులో అతని పేరే లేదు.

రాజాం కుర్రాడికి ఈ పొరపాటు రాకూడదు నిజానికి. ఇంపాక్ట్ ప్లేయరంటే ఏమిటో మా నేలకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచివాడు బుస్సీ ఫిరంగులు పేలుతుంటే తాండ్ర పాపారాయుడు ఉన్నది రాజాంలోనే. కబురు ఆలస్యంగా అందింది. వెళ్లేసరికి కోట కూలిపోయింది. స్కోరుబోర్డు ప్రకారం ఆట ముగిసింది. ఆయన మాత్రం చీకట్లో శత్రువు డేరాలోకి దూరి విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచి, తానూ పోయాడు. ఆ రోజు ఫాంటసీ టీమ్ కట్టినవాడు ఎవడైనా ఉంటే, పాపారాయుడు పదకొండులో లేడు కదాని పక్కన పెట్టి ఉండేవాడు. ఏడాదికోసారి తిరనాళ్లకి బుర్రకథ వినే ఊళ్లో పుట్టి, మావాడు 27 కోట్ల రేటు చూసి మోసపోయాడు.

ఇక చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే 1974 నాటి జూద చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆపేశారు. మరి మావాడు ఎలా ఆడాడు? మనిషి రాజాంలో ఉంటాడు, ఫోను బెంగళూరులో ఉంటుంది. ఏదో మాయ యాప్ ఒకటి వేసి, తానున్నది కర్ణాటకలో అని ఫోను చేత అబద్ధం చెప్పించేవాడు. ఇచ్ఛాపురం దాటి రెండడుగులు వేస్తే వేరే రాష్ట్రమే కదా, ఈ తంటా ఎందుకని అమాయకంగా అడిగాను. “ఒడిశాలోనూ బందే మావయ్యా” అన్నాడు. తెలంగాణ 2017లోనే బందు పెట్టింది. తెలుగు నేల మీద ఎటు నడిచినా నిషేధమే ఎదురొచ్చేది. అలాంటి ఊళ్లో టీవీ పెడితే మాత్రం, ఇక్కడ నిషేధించిన సరుకు పేరే, డ్రీమ్ ఎలెవన్ అని, భారత జట్టు గుండెల మీద అచ్చు వేసి ఉండేది. 2023 నుంచి 2025 ఆగస్టు దాకా మన దేశభక్తి ఆ చొక్కా తొడుక్కునే ఉంది. సారా బంద్ అని బోర్డు పెట్టి, ఆ బోర్డుని కల్లు కుండకి వేలాడదీసినట్టు.

ఇది జూదం కాదు, నైపుణ్యం అని వాదించేవాళ్లకి కొదవ లేదు. 2017లో పంజాబ్, హర్యానా హైకోర్టు కూడా నైపుణ్యమే అంది. నేను కాదనను. మావాడి నైపుణ్యం కళ్లారా చూశాను. సున్నా కొట్టబోయేవాడినీ, ఒక్క పరుగుకి పోబోయేవాడినీ ఒకే సాయంత్రం ఏరి కెప్టెన్, వైస్ కెప్టెన్ చేయడం గుడ్డి అదృష్టంతో అయ్యే పని కాదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకంతో కేంద్ర చట్టం వచ్చి నైపుణ్యమా, అదృష్టమా అన్న పేచీనే తీసేసింది. డబ్బు పెట్టి ఆడించేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడేవాడికి శిక్ష లేదు. వాడికి ముందే పడిందని కాబోలు.

పెద్ద నగరాల కంపెనీలు ఫాంటసీ లీగుని తామే కనిపెట్టినట్టు మాట్లాడతాయి. డబ్బు పోసి జట్టు కట్టుకోవడం మా జిల్లాలో ఎప్పుడో జరిగింది. విజయనగరం మహారాజకుమారుడు విజ్జీ 1930-31లో ఇంగ్లండు నుంచి జాక్ హాబ్స్‌నీ, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ రప్పించి సొంత జట్టులో పెట్టుకుని భారతం, సిలోను తిప్పాడు. ఆ కాలానికి లోకంలో అంతకంటే పేరున్న ఓపెనింగు జోడీ లేదు. సొంత డబ్బుతో కలల జట్టు కట్టాక మిగిలింది ఒకటే, కెప్టెన్ పేరు పక్కన గీత. ఆ గీత ఆయన 1936లో తన పేరు పక్కనే గీయించుకున్నాడు. ఇంగ్లండు పర్యటనలో భారత జట్టు కెప్టెన్. మూడు టెస్టుల్లో మొత్తం 33 పరుగులు, సగటు 8.25. జట్టులో పనికొచ్చే లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టు కూడా ఆడకుండా ఇంటికి పంపేశాడు. సులువైన బంతులు వేయమని ఒక కౌంటీ కెప్టెన్‌కి బంగారు వాచీ ఇచ్చాడని కథ ఒకటి ప్రచారంలో ఉంది. ఇదంతా ఇలా సాగుతుండగానే, పర్యటన మధ్యలో ఆయనకి సర్ బిరుదు వచ్చింది. ఫాంటసీలో కెప్టెన్‌కి పాయింట్లు రెట్టింపు అనే రూలు ఎవరిని చూసి పెట్టారో నాకు అనుమానం లేదు.

ఈ రోగం క్రికెట్‌ది మాత్రమే అనుకోకండి. అమెరికాలో బేస్‌బాల్ అని గేమొకటుంది, కర్ర బిళ్ల ఆటకి డబ్బు చేస్తే ఎలా ఉంటుందో అలా. అక్కడ క్రిస్ డేవిస్ అనే వీరుడు 2013లో 53 హోమ్ రన్లు కొట్టాడు. ఒప్పందం అయిపోయి బయటికొచ్చిన అతనికి 2016లో బాల్టిమోర్‌వాళ్లు ఏడేళ్లకి 16.1 కోట్ల డాలర్లు రాసిచ్చారు. 2018 సెప్టెంబరు నుంచి 2019 ఏప్రిల్ దాకా ఆ మనిషి వరసగా 54 సార్లు బ్యాటు పట్టుకుని ఒక్క హిట్టు కూడా కొట్టలేకపోయాడు. బంతి విసిరేవాళ్లని పక్కన పెడితే, అక్కడి పెద్ద లీగు చరిత్రలో అంత కరువు ఎవరికీ రాలేదు. ఫాంటసీ అనే ఈ ఊహల జూదానికి రూపం ఇచ్చినవాళ్లూ అక్కడివాళ్లే. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే పాత్రికేయుడు న్యూయార్కులో ఒక హోటల్లో భోంచేస్తూ స్నేహితులతో మొదలుపెట్టాడు. ఆ హోటలు పేరు మీదే రోటిసరీ లీగ్ అన్నారు. తను కనిపెట్టిన ఆటలో తను ఎప్పుడూ గెలవలేదట. ఈ ముక్క మా మేనల్లుడికి చెప్పాను. “ఆయనకి డేటా లేదు కదేటి” అన్నాడు.

సరే, మళ్లీ డిసెంబరు 16కి, నా కొట్టుకి. కేంద్ర చట్టం వచ్చాక మావాళ్లు డబ్బు మానేసి బిర్యానీ పందేలకి దిగారు. వేలంలో ఎవరు ఎంతకి పోతారో ముందే రాయాలి. మెక్‌గర్క్ పేరు మొదటి వరసలోనే వచ్చింది. ఢిల్లీవాళ్లు అప్పటికే వదిలేశారు. 2 కోట్ల దగ్గర వేలంపాట ఆమె పిలిచింది. మళ్లీ పిలిచింది. ఒక్క చెయ్యీ లేవలేదు. ఎర్ర నక్షత్రం పేజీ మీద మేనల్లుడు నిదానంగా అడ్డగీత కొట్టాడు. 50 లక్షలు, 9 కోట్లు, ఏమీ లేదు. రెండేళ్లు తిరక్కుండా ఒకే మనిషికి మూడు ధరలు. భుజాలు అవే, బ్యాటు అదే.

ఆ తర్వాత లియామ్ లివింగ్‌స్టోన్. ఇతనూ సిక్సర్లవాడే. అంతకుముందు ఏడు బెంగళూరువాళ్లు 8.75 కోట్లిస్తే 112 పరుగులిచ్చాడు. ఇతన్ని కూడా ఎవరూ అడగలేదు. “చూశావా మావయ్యా, జట్లు తెలివి మీరాయి” అన్నాడు మేనల్లుడు, ఆ తెలివి తనే నేర్పినట్టు. పొద్దు వాలింది. మిగిలిపోయినవాళ్లని మళ్లీ పిలిచే రౌండు మొదలైంది. అదే లివింగ్‌స్టోన్, అదే బల్ల, అదే జట్లు. ఈసారి చేతులు లేస్తూనే ఉన్నాయి. 13 కోట్లకి హైదరాబాదు. మధ్యాహ్నం నుంచి రాత్రి లోపల అతను ఒక్క బంతి ఆడలేదు, ఒక్క సిక్సు కొట్టలేదు. టీ కూడా తాగాడో లేదో.

ముసలాయన ఇంకా వెళ్లలేదు. గుమ్మం మెట్టు మీదే కూర్చుని అంతా విన్నాడు. లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, “మాపటేళ సంతలో కొనకూడదు నాయనా, ఎద్దు రంగు తెలీదు” అని, నా వైపు తిరిగి, “ఆ రెండు సంచులేవో ఇప్పించు బాబూ” అన్నాడు.

కుర్రాళ్లని లేవమన్నాను. కట్ట ఒకటి విప్పి, రెండు సంచులు తీసి, దీపానికి అడ్డం పట్టి చిల్లులు చూసి ఇచ్చాను. అప్పుడు మేనల్లుడు గోడ నుంచి గుమ్మం దాకా ఒకసారి కలయజూశాడు. ఇన్నాళ్లూ వాటి మీదే కూర్చున్నా వాడికి అవి కనిపించలేదనుకుంటాను.

“మావయ్యా, కోతలైపోతన్నాయి కదా, ఇన్ని సంచులు ఇంకా ఉండిపోయాయేటి?”

“పోయినేడు భలే పోయాయిరా. ఒక్కటి మిగల్లేదు. అందుకని ఈ ఏడు ముందే మూడింతలు తెప్పించాను.”

“ఎంతకి కొన్నావేటి?”

ముసలాయన అక్కడే ఉన్నాడు. నేను ఆయన భుజం మీది తువ్వాలు లాక్కుని మేనల్లుడి చేతి మీద కప్పి, లోపల వేళ్లతో చెప్పాను.